సంఖ్యా వినోదం: లెక్కకు నిలిచే అంకెలు

‘ఖ్యా’ ధాతువుకు ‘సమ్’ అనే ఉపసర్గ చేరితే ‘సంఖ్య’ అవుతుంది. చక్కగా తెలియజేసేది అని దాని అర్థం. ఒకటి, రెండు అని లెక్కపెట్టడంతో సంఖ్య పని ముగియదు. వస్తువును ఉన్నది ఉన్నట్లు విడదీసి చూపడం కూడా దాని పనే. ప్రపంచాన్ని 25 తత్త్వాలుగా వివేచించిన కపిల మహర్షి దర్శనానికి సాంఖ్యమనే పేరు కలగడంలో ఈ రెండు అర్థాలూ కలిసి ఉన్నాయని పెద్దలు చెబుతారు.

సంఖ్యకు మరొక స్వభావం ఉంది. అది వినోదాన్ని కలిగిస్తుంది. పెండ్లి విడిదిలోనో, బస్సు ప్రయాణంలోనో, గుడి అరుగు మీద ప్రసాదం తింటూనో ఎవరో ఒకరు ‘ఈ సంగతి తెలుసా?’ అని ఒక అంకె చెబుతారు. వినేవారి కనుబొమలు పైకి లేస్తాయి. ఆ అంకె సాయంకాలానికి మరో నలుగురికి చేరుతుంది. ఇప్పుడు చేతిలోని ఫోను ఆ పనిని క్షణంలో చేస్తున్నది. సంతోషమే. కాని అందులో కొన్ని అంకెలు లెక్కకు నిలుస్తాయి, కొన్ని నిలవవు. నిలవని అంకెను ఋషుల పేరుతో చెప్పినప్పుడు నష్టపోయేది ఎవరు అన్నది ఆలోచించవలసిన విషయం.

ఈ ఆలోచనకు ములుగు సీమ కంటే అనువైన చోటు దొరకడం కష్టం. ఒకవైపు పాలంపేట రామప్ప గుడి, మరొకవైపు మేడారం గద్దెలు. రెండింటిలోనూ చెప్పుకోదగిన అంకెలు దాగి ఉన్నాయి.

శాసనం నుండి సంవత్సర నామం

కాకతీయ గణపతిదేవ చక్రవర్తి సేనాని రేచెర్ల రుద్రుడు పాలంపేటలో రుద్రేశ్వరాలయాన్ని ప్రతిష్ఠించినది శక సంవత్సరం 1135లో. దీనికి 78 కలిపితే క్రీ.శ. 1213 వస్తుంది. ఇంతవరకు చాలామందికి తెలుసు. ఆ యేడు ప్రభవాది షష్టి సంవత్సరాలలో ఏ పేరు గలది అని అడిగితే మాత్రం పంచాంగం కోసం వెదుకుతారు. వెదకనక్కరలేదు. శక సంవత్సరానికి 12 కలిపి 60తో భాగిస్తే మిగిలే శేషమే ఆ సంవత్సరం వరుస సంఖ్య. 1135కు 12 కలిపితే 1147. అందులో 60 పందొమ్మిది మార్లు పోగా 7 మిగులుతుంది. ప్రభవ, విభవ, శుక్ల, ప్రమోదూత, ప్రజోత్పత్తి, ఆంగీరస, శ్రీముఖ. ఏడవది శ్రీముఖ. పేరుకు తగినట్లే శిల్పశ్రీకి ముఖమైన గుడి ఆ యేట వెలిసింది.

ఇదే గుడికి 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. అది శక 1943. 12 కలిపితే 1955. శేషం 35. ముప్పై అయిదవది ప్లవ. ప్లవమంటే నీటిపై తేలేది. ఆ గుడి విమానానికి వాడిన ఇటుకలు నీటిపై తేలేటంత తేలికైనవని ప్రసిద్ధి. తేలే ఇటుకల గుడికి తేలే సంవత్సరంలో కీర్తి రావడం వినడానికి ముచ్చటగా ఉంటుంది. అయితే దీనిని దైవసంకేతమని చాటనక్కరలేదు. కాకి వాలడం, తాటిపండు పడడం ఒకే క్షణంలో జరిగితే దానిని కాకతాళీయమన్నారు. కాకతీయుల గుడిలో ఇది కాకతాళీయం. ముచ్చటగా చెప్పుకోవచ్చు, ప్రమాణంగా చూపరాదు.

హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం శక 1084, చిత్రభాను, మాఘమాసం అని చెబుతున్నది. 1084కు 12 కలిపితే 1096, శేషం 16. పదహారవది చిత్రభానువే. శాసనం చెప్పినదీ, లెక్క చెప్పినదీ ఒక్కటైనాయి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోయి ఉంటుంది. కనుక 78కి బదులు 79 కలపాలి. అందుకే ఆ గుడి ప్రతిష్ఠ 1162 కాక 1163 అయినది. ఎనిమిదిన్నర శతాబ్దాల నాటి శాసనాన్ని ఒక చిన్న భాగహారంతో సరిచూసుకోగలగడం కంటే మంచి వినోదం ఏముంటుంది?

ఏకాదశ రుద్రం, మేరు ప్రస్తారం

రుద్రేశ్వరుని సన్నిధిలో చెప్పుకోవలసిన అంకె 11. రుద్రులు పదకొండుగురు. నమకంలో అనువాకాలు 11, చమకంలోనూ 11. నమకాన్ని 11 పర్యాయాలు పఠిస్తూ ప్రతి ఆవృత్తికీ చమకంలో ఒక్కొక్క అనువాకాన్ని చేరిస్తే ఏకాదశ రుద్రం. అటువంటివి 11 అయితే లఘురుద్రం, అంటే 121 ఆవృత్తులు. లఘురుద్రాలు 11 అయితే మహారుద్రం, 1331. మహారుద్రాలు 11 అయితే అతిరుద్రం, 14641.

ఈ సంఖ్యలను ఒకదాని క్రింద ఒకటి వ్రాసి చూడాలి. 11లో అంకెలు 1, 1. తరువాత 1, 2, 1. ఆ తరువాత 1, 3, 3, 1. చివర 1, 4, 6, 4, 1. ఎటునుండి చదివినా ఒకటే. అంతేకాదు, పై వరుసలో పక్కపక్కనున్న రెండు అంకెలను కలిపితే క్రింది వరుసలోని అంకె వస్తున్నది. ఛందశ్శాస్త్రం చదివినవారు దీనిని వెంటనే గుర్తుపడతారు. పింగళుని సూత్రాలకు 10వ శతాబ్దిలో వ్యాఖ్య వ్రాసిన హలాయుధుడు వివరించిన మేరు ప్రస్తారమే ఇది. పాశ్చాత్య దేశాలలో 17వ శతాబ్ది వాడైన పాస్కల్ పేరుతో వ్యవహరించే త్రిభుజమూ ఇదే.

1331 అనే సంఖ్య ఛందస్సులో ఏమి చెబుతున్నది? మూడక్షరాల గణాలు ఎనిమిది. మూడూ గురువులైనది ఒక్కటే, మగణం. రెండు గురువులున్నవి మూడు, యగణ రగణ తగణాలు. ఒక్క గురువున్నవి మూడు, భగణ జగణ సగణాలు. గురువే లేనిది ఒక్కటి, నగణం. ఒకటి, మూడు, మూడు, ఒకటి. పద్యం నేర్చే విద్యార్థి మొదటి దినాన చదివే గణాల పట్టిక మహారుద్ర సంఖ్యలో కూర్చున్నది.

మరి దీని రహస్యమేమిటి? 11తో గుణించడమంటే ఒక సంఖ్యను ఒక స్థానం జరిపి దానికే కలపడం. మేరువులో జరిగేదీ అదే. అతిరుద్రం తరువాత మరొకసారి 11తో గుణిస్తే 161051 వస్తుంది. అక్కడ మేరువులో 10 అనే రెండంకెల సంఖ్య వచ్చి, పక్క స్థానంలోకి పొర్లి, వరుస చెదరిపోతుంది. రుద్ర పారాయణ సంఖ్యలు పదకొండుగురు రుద్రులను బట్టి ఏర్పడ్డాయి. మేరువు ఛందస్సును బట్టి ఏర్పడింది. రెండూ కలిసినది సంఖ్యా స్వభావంలో. స్వభావసిద్ధమైన దానికి కథ అల్లనక్కరలేదు. అది ఎవరు ఎప్పుడు లెక్కించినా అలాగే ఉంటుంది.

చమకం పదకొండవ అనువాకంలో మరొక విశేషం ఉంది. అందులో మొదట బేసి సంఖ్యలు 1 నుండి 33 వరకు వస్తాయి. పిమ్మట నాలుగు చొప్పున పెరుగుతూ 4 నుండి 48 వరకు వస్తాయి. బేసి సంఖ్యలను పఠిస్తూ వెనువెంటనే కూడుతూ పోతే ఏమవుతుంది? ఒకటి. ఒకటికి మూడు కలిపితే నాలుగు. అయిదు కలిపితే తొమ్మిది. ఏడు కలిపితే పదహారు. అన్నీ వర్గసంఖ్యలే. 33 వరకు ఉన్న బేసి సంఖ్యలు పదిహేడు. వాటి మొత్తం 17ను 17తో గుణిస్తే వచ్చే 289. కాగితం లేకుండానే దీనిని చూపవచ్చు. పళ్ళెంలో ఒక వక్క ఉంచి, దాని పక్కనా క్రిందా మూలనా మూడు వక్కలు చేర్చితే రెండు వరుసల చతురస్రం అవుతుంది. దానికి రెండు వైపులా మూలతో కలిపి అయిదు చేర్చితే మూడు వరుసల చతురస్రం. ప్రతి బేసి సంఖ్యా చతురస్రాన్ని ఒక మెట్టు పెంచుతుంది. పూజ పళ్ళెంలోని వక్కలే ఇందుకు సాక్ష్యం.

మేడారం జాతరల నడుమ దినాలు

సమ్మక్క సారలమ్మల జాతర మేడారంలో రెండేళ్లకొకమారు మాఘమాసంలో పున్నమి దగ్గర వస్తుంది. అది ఆగమ విధానం కాదు. కోయ పూజారులు తమ పూర్వుల నుండి వచ్చిన పద్ధతిలో నడిపే మహోత్సవం. బుధవారం కన్నెపల్లి నుండి సారలమ్మ గద్దెకు చేరుతుంది. గురువారం చిలకలగుట్ట నుండి సమ్మక్క కుంకుమ భరిణె రూపంలో వస్తుంది. శనివారం తల్లుల వనప్రవేశం. బెల్లాన్నే బంగారమని పిలిచి సమర్పించే ఆ భక్తికి వేదాధ్యయనం చేసినవారు కూడా చేతులు జోడిస్తారు.

రెండేళ్లకొకమారు అన్నారు కదా, ఒక జాతర మొదలు మరొక జాతర మొదలు వరకు ఎన్ని రోజులు? ఎవరిని అడిగినా 730 అనో 731 అనో చెబుతారు. ఇటీవలి జాతరలు 2018 జనవరి 31, 2020 ఫిబ్రవరి 5, 2022 ఫిబ్రవరి 16, 2024 ఫిబ్రవరి 21, 2026 జనవరి 28 తేదీలలో ఆరంభమైనాయి. వీటి నడుమ దినాలు వరుసగా 735, 742, 735, 707. ఒక్కటీ 730 కాదు. పైగా నాలుగూ ఏడుతో నిశ్శేషంగా భాగించబడతాయి. అది 105, 106, 105, 101 వారాలు.

ఏడు సంగతి తేలిక. ప్రతి జాతరా బుధవారమే మొదలైనది కనుక నడుమ నిండు వారాలే ఉండాలి. మరి మూడుసార్లు 735కు తగ్గని సంఖ్య నాలుగవసారి ఒక్కసారిగా 707కు ఎందుకు దిగింది? చాంద్రమాసానికి సగటున 29.53 దినాలు. 24 మాసాలకు సుమారు 709 దినాలు, 25 మాసాలకు సుమారు 738. మొదటి మూడు విరామాలలోనూ ఒక్కొక్క అధికమాసం పడింది. 2018లో అధిక జ్యేష్ఠం, 2020లో అధిక ఆశ్వయుజం, 2023లో అధిక శ్రావణం. అందువలన ఆ మూడూ 25 మాసాల విరామాలు. 2024 నుండి 2026 జాతర వరకు అధికమాసమే రాలేదు. అది 24 మాసాల విరామం. గోడ మీది క్యాలెండరును నమ్ముకున్నవానికి జాతర ఒకసారి ముందుకు, ఒకసారి వెనుకకు జరిగినట్లు తోస్తుంది. ఆకాశంలోని చంద్రుణ్ణి నమ్ముకున్నవారికి అది మాఘ పున్నమి దగ్గరే ఉన్నది.

ఈ అధికమాసం నుండి ఇంటింటా చెప్పుకోదగిన రెండు ముచ్చట్లు పుడతాయి. 19 సౌర సంవత్సరాలలో చాంద్రమాసాలు 235. పందొమ్మిదిని పన్నెండుతో గుణిస్తే 228, దానికి 7 అధికమాసాలు కలిస్తే 235. రెండు లెక్కలకూ ఇంచుమించు 6940 దినాలే. కనుక ఒక మనిషి పుట్టిన తిథీ, ఇంగ్లీషు తేదీ ప్రతి సంవత్సరం వేరు వేరుగా తిరుగుతూ 19వ పుట్టినరోజునాటికి మళ్లీ కలుసుకుంటాయి. 38కి మరొకసారి, 57కు ఇంకొకసారి. ఒక దినం అటూ ఇటూ కావచ్చు. తిథి ప్రకారం జరపాలా, తేదీ ప్రకారం జరపాలా అని తగవు పడే ఇంట్లో ఆ యేడు తగవుండదు.

రెండవది సహస్ర చంద్ర దర్శనం. వేయి పున్నములు చూచిన వృద్ధునికి శాంతి చేయించే ఆచారం ఉంది. ఏడాదికి పన్నెండు పున్నములు అనుకుంటే వేయి నిండడానికి 83 యేళ్ల 4 నెలలు పట్టాలి. నిజానికి 80 యేళ్ల 10 నెలలకే నిండుతాయి. ఆ కాలంలో దాదాపు 30 అధికమాసాలు వచ్చి 30 పున్నములు కానుకగా ఇస్తాయి. శూన్యమాసమని శుభకార్యాలకు పనికిరాదని పక్కన పెట్టే అధికమాసమే పెద్దలకు ఈ శాంతిని రెండున్నరేళ్లు ముందుగా తెచ్చి ఇస్తున్నది.

పద్దెనిమిది మహిమ ఎంతవరకు?

మహాభారతానికి జయమని పేరు. కటపయాది సంకేతంలో ‘జ’కారం 8, ‘య’కారం 1. అంకెలు కుడి నుండి ఎడమకు నడుస్తాయి కనుక ‘జయ’ అంటే 18. పర్వాలు 18, గీతాధ్యాయాలు 18, యుద్ధదినాలు 18, అక్షౌహిణులు కౌరవులవి 11, పాండవులవి 7, వెరసి 18. దీనితో పాటు మరొక వింత తరచుగా వినిపిస్తుంది. ఒక అక్షౌహిణిలో రథాలు 21,870. ఏనుగులు 21,870. గుర్రాలు 65,610. కాల్బలం 1,09,350. ఏ సంఖ్యలోని అంకెలను కూడినా 18 వస్తుంది.

ఇది నిజమే. ఎందుకో తెలిస్తే ఇంకా బాగుంటుంది. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, అయిదుగురు భటులు కలిస్తే పత్తి. అక్కడి నుండి సేనాముఖం, గుల్మం, గణం, వాహిని, పృతన, చమువు, అనీకిని వరకు ఏడుసార్లు మూడు రెట్లవుతుంది. అనీకినులు పది అయితే అక్షౌహిణి. ఏడుసార్లు మూడుతో గుణించిన సంఖ్య తొమ్మిదితో భాగించబడక తప్పదు. తొమ్మిదితో భాగించబడే సంఖ్యలోని అంకెల మొత్తమూ తొమ్మిదితో భాగించబడక తప్పదు. అందువలన 9 గాని, 18 గాని, 27 గాని వచ్చి తీరుతుంది. ప్రతిసారి 18 రావడంలో సగం నియమం, సగం యాదృచ్ఛికం. రథాలు, ఏనుగులు ఒకే సంఖ్య కనుక అవి రెండు సాక్ష్యాలు కావు, ఒక్కటే. 18 అక్షౌహిణులనూ కలిపితే 39,36,600. దాని అంకెలను కూడితే 27. మహిమ చెప్పేవారు ఈ చివరి కూడికను చెప్పరు. చెబితే వ్యాసుని గౌరవానికి వచ్చే లోటేమీ లేదు. మూడు రెట్ల క్రమంలో సైన్యాన్ని నిర్మించిన ఆ వ్యవస్థే చాలినంత ఆశ్చర్యం.

నూట ఎనిమిది, ఒక బాలిక ప్రశ్న

ములుగులో ఒక ఇంట జరిగిన సంగతి. ప్రతిదినం సంధ్యవేళ జపమాల త్రిప్పే వృద్ధుడు ఫోనులో వచ్చిన సందేశాన్ని మనుమరాలికి చదివి వినిపించాడు. భూమి నుండి చంద్రుని దూరం చంద్రుని వ్యాసానికి సరిగ్గా 108 రెట్లనీ, సూర్యునికీ అంతేననీ, ఋషులు కొలిచి మాలలో పూసలుగా గ్రుచ్చారనీ అందులో ఉంది. పదవ తరగతి చదివే ఆ బాలిక నోటుబుక్కు తీసి, 3,84,400 కిలోమీటర్లను 3,474తో భాగించి, ‘తాతా, లెక్క కలుస్తలేదు. నూటపది దాటుతున్నది’ అన్నది. సూర్యునికి చేస్తే నూట ఏడున్నర వచ్చింది. ‘దగ్గర దగ్గరనే ఉన్నది గద బిడ్డా’ అన్నాడు తాత. ‘సరిగ్గా అని ఎందుకు రాసిన్రు మరి? అయితే నువ్వు చెప్పే మిగతావి కూడా ఇట్లాంటివేనా?’ అని అడిగింది ఆమె.

ఆ చివరి ప్రశ్న ముందు వృద్ధుడు చాలాసేపు మౌనంగా ఉండిపోయాడు. ఆమె తప్పు అడగలేదు. చంద్రుని దూరం నెలలోనే మారుతుంటుంది. సుమారు 3,56,500 నుండి 4,06,700 కిలోమీటర్ల వరకు. ఆ లెక్కన నిష్పత్తి 103 నుండి 117 దాకా తిరుగుతుంది. నడుమ ఎక్కడో 108ని దాటిపోతుంది. దానిని సరిగ్గా అని చెప్పడం అసత్యం. అసత్యాన్ని ఋషుల నోట పెట్టడం అపచారం. సందేశం పంపినవాడు శాస్త్రానికి గౌరవం తెస్తున్నానని అనుకొని ఉంటాడు. కాని ఒక్క అబద్ధపు అంకె పట్టుబడినప్పుడు దానితో పాటు నూరు నిజాలు కూడా పిల్లల దృష్టిలో అనుమానితాలవుతాయి. ఫోనులో వచ్చిన అంకెకు జవాబుదారీ వహించవలసి వచ్చినది జపమాల పట్టుకున్న తాత.

మరునాడు ఆ వృద్ధుడు పంచాంగం తెరిచి ఆమె పక్కన కూర్చున్నాడు. నక్షత్రాలు ఎన్ని అని అడిగాడు. ఇరవై ఏడు. ఒక్కొక్కదానికి పాదాలు ఎన్ని? నాలుగు. గుణించమన్నాడు. రాశులు ఎన్ని? పన్నెండు. రాశికి పాదాలు ఎన్ని? తొమ్మిది. మళ్లీ గుణించమన్నాడు. రెండుసార్లూ 108 వచ్చింది, ఈసారి చుక్క తేడా లేకుండా. చంద్రుడు నడిచే మార్గమంతా నూట ఎనిమిది అడుగులుగా విభజింపబడింది. మాల ఒకసారి త్రిప్పితే ఆకాశాన్ని ఒకసారి చుట్టినట్లే. బాలిక కొంతసేపు ఆలోచించి, ఒకటిని ఒకసారి, రెండును రెండుసార్లు, మూడును మూడుసార్లు గుణించినా 108 వస్తుందని తానే కనిపెట్టి చెప్పింది. ఒకటి, నాలుగు, ఇరవై ఏడు. ఆ సంగతి ఏ సందేశంలోనూ తాతకు రాలేదు.

ఇంతకూ సంఖ్యావిశేషాలు నాలుగు తెగలు. 27ను 4తో గుణించిన 108 వంటివి వ్యవస్థ చేత ఏర్పడినవి. 11 వరుసలు, బేసి సంఖ్యల మొత్తాలు స్వభావం చేత సిద్ధమైనవి. ప్లవ సంవత్సరంలో తేలే ఇటుకల గుడికి కీర్తి రావడం కాకతాళీయం. 2019 ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేట జిల్లాలు ఏర్పడి తెలంగాణ జిల్లాల సంఖ్య 33 కావడం, చమకంలో బేసి సంఖ్యలు 33తో ముగియడం కూడా ఆ తెగవే. నాలుగవది కల్పితం. మొదటి మూడింటినీ వాటి పేరుతో చెప్పుకోవచ్చు. నాలుగవదానిని విన్నచోటే వదలాలి.

లెక్కకు అందని సంఖ్య మరొకటి ఉంది. పురుషసూక్తంలోని విరాట్పురుషునికి వేయి శిరస్సులు, వేయి కన్నులు. శిరస్సుకు రెండేసి కన్నులైతే రెండువేలు ఉండాలి కదా అని చమత్కారంగా అడిగేవారున్నారు. సాయణాచార్యులు అక్కడ సహస్ర శబ్దం ఉపలక్షణమనీ, అనంతమని అర్థమనీ వివరించారు. వేయి అన్న చోటల్లా లెక్కించబోవడం ఎంత తొందరపాటో, సుమారు అన్నచోట సరిగ్గా అనడమూ అంతే తొందరపాటు.

తెలుగు గణితంలో కంఠాభరణాలు

సంఖ్యావినోదాన్ని సత్యంతో జోడించినవారు పూర్వులలో ఉన్నారు. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహం రచించాడు. పావులూరి మల్లన దానిని సారసంగ్రహ గణితంగా తెనిగించాడు. తెలుగులో తొలి గణితగ్రంథం అదే. మహావీరుడు గుణకారం చెబుతూ, ఫలితం మెడలోని హారంలా రెండు కొసల నుండి ఒకే తీరుగా కనిపించే లెక్కలు కూర్చాడు. 139ని 109తో గుణిస్తే 15151. 152207ను 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు, 11111111. 12345679ని 9తో గుణిస్తే తొమ్మిది ఒకట్లు. 27994681ని 441తో గుణిస్తే 12345654321.

ఈ హారాలలో దేవరహస్యముందని ఆ ఆచార్యుడు చెప్పలేదు. శిష్యుడు గుణించి చూచుకొని సంతోషించాలని మాత్రమే ఇచ్చాడు. చదరంగం గళ్లలో ఒకటి, రెండు, నాలుగు అని రెట్టింపు చేస్తూ 64 గళ్లూ నింపితే వచ్చే మొత్తాన్ని తెలుగులో ఒక పద్యంగా చెప్పుకోవడం కూడా ఇటువంటిదే. బాణమంటే అయిదు, వేదమంటే నాలుగు, చంద్రుడంటే ఒకటి అనే సంకేతంతో 18446744073709551615 అనే ఇరవై అంకెల సంఖ్య ఒక పద్యంలో ఇమిడింది. చదువురానివాని నోటనైనా అది నిలుస్తుంది. చదువుకున్నవాడు ఎప్పుడైనా సరిచూసుకోవచ్చు.

శాకల్యుడు అడిగిన లెక్క

సంఖ్యను గూర్చిన సంభాషణలలో అన్నిటికంటే గొప్పది బృహదారణ్యకోపనిషత్తులో, జనకుని సభలో జరిగింది. దేవతలెందరు అని శాకల్యుడు యాజ్ఞవల్క్యుని అడిగాడు. మూడువందల మూడు, మూడువేల మూడు అని మొదటి సమాధానం. కలిపితే 3306. శాకల్యుడు సరేనని, నిజంగా ఎందరు అని మళ్లీ అడిగాడు. 33 అన్నాడు. మళ్లీ అడిగితే 6. ఆపై 3. ఆపై 2. ఆపై ఒకటిన్నర. చివరకు 1.

ఒక్కొక్క సంఖ్యకూ యాజ్ఞవల్క్యుడు లెక్క అప్పజెప్పాడు. ముప్పది ముగ్గురంటే వసువులు 8, రుద్రులు 11, ఆదిత్యులు 12, ఇంద్రుడు, ప్రజాపతి. మిగిలిన పెద్ద సంఖ్య వారి మహిమలే. ఇద్దరంటే అన్నం, ప్రాణం. ఒకటిన్నర అంటే వీచే వాయువు. ఒకడే వీస్తుంటే ఒకటిన్నర ఎలా అవుతాడని అడిగితే, అతనిలో సర్వమూ వృద్ధి పొందుతున్నది కనుక అన్నాడు. ఒక్కడంటే ప్రాణం, అదే బ్రహ్మం.

శాకల్యుడు సమాధానం దొరికిన ప్రతిసారీ అంగీకరించాడు, అంగీకరించి మళ్లీ అడిగాడు. యాజ్ఞవల్క్యుడు విసుగుకోలేదు, ఒక్క అంకెనైనా వివరణ లేకుండా విడువలేదు. నోటుబుక్కు తీసి భాగహారం చేసిన బాలిక అడిగినదీ ఆ తీరు ప్రశ్నే. అటువంటి ప్రశ్నను శ్రద్ధాలోపమని కసరుకోకూడదు. అంకె చెప్పినవాడు దాని మూలం చూపాలి, చూపలేకపోతే చెప్పడం మానాలి. అలా ఒక్కొక్కటి వడపోసుకుంటూ పోతే మూడువేలు ముప్పది మూడవుతుంది, ముప్పది మూడు మూడవుతుంది, చివరకు మిగిలేది లెక్కపెట్టనక్కరలేని ఒక్కటి.

స్వస్తి.